ముద్ర వేసిన లేఖ

  



అరేబియా తూర్పు తీరమునకు ఎదురుగా, సముద్ర మధ్యమున బహ్రెయిన్ అను చిన్న ద్వీపరాజ్యము కలదు. ఆ ద్వీపపు వాయవ్య తీరమున బుదైయా అను ఊరున్నది. రాజధానియగు మనామా నుండి పడమటికి పోవు బాట ఖర్జూరపు తోటలను, చిన్న చిన్న గ్రామములను దాటి, ఆ ఊరియొద్ద సముద్రమును చేరును. ఒకప్పుడు ఆ తీరమంతయు తియ్యని నీటి ఊటలకు ప్రసిద్ధి. నేడు ఆ ఊటలు చాలవరకు ఎండినవి. తోటలున్న చోట ఇండ్లు లేచినవి. అయినను శీతకాలమున బుదైయా ఉద్యానవనములో రైతుల సంత జరుగును. ఆకుకూరలు, టమాటాలు, ఖర్జూరములు అచ్చట అమ్ముదురు.

మారిషసు, నెటాలు, ఫిజీ, మలయా దేశములలో చెరకు తోటల చెంతను, రబ్బరు తోటల నీడను పుట్టి పెరిగిన తెలుగువారికి ఈ దూరపు ఊరితో సంబంధమేమి అని కొందరు అడుగవచ్చును. రెండు విధముల సంబంధమున్నది. ఒకటి చెమటోడ్చిన వారి సంబంధము. రెండవది కవుల సంబంధము. భగవంతుని యెదుట మానవులందరును సమానులే అను మాటను ఏ దేశపు కవి ఏ విధముగా చెప్పెను, ఆ మాట కూలివాని చేతికి ఎంతవరకు అందెను అను విషయమును విచారించుటకు ఆ తీరమంత తగిన స్థలము అరుదు.

బుదైయా పోవు దారిలోనే బార్‌బార్ అను గ్రామమున్నది. 1954లో డెన్మార్కు దేశపు పురాతత్త్వ శాస్త్రజ్ఞులు అచ్చట త్రవ్వకములు జరుపగా, నాలుగు వేల ఏండ్లకు పూర్వపు దేవాలయము బయల్పడెను. ఒకదానిపై నొకటిగా మూడు గుడులు కట్టిన జాడలు కనబడెను. మెట్లు దిగి పోవగా రాతితో కట్టిన ఊటబావి కలదు. రాగితో పోత పోసిన ఎద్దు తల యొకటి దొరికెను. కోనేరును, నందిని ఎరిగిన మనవారికి ఇది విన్నంతనే ఒడలు పులకరించును. కాని పోలిక కనబడినంత మాత్రమున ఆ గుడి కూడ మనదే అని చాటుకొనుట పెద్దరికము కాదు. ఆ గుడి కట్టిన వారి దేవుడు వేరు, భాష వేరు. సుమేరు దేశపు కవులు ఆ సీమను దిల్మున్ అని పిలిచిరి. అది పవిత్రమైన చోటనియు, రోగమును ముసలితనమును లేని చోటనియు, క్రూరమృగము సాధుజంతువును చంపని చోటనియు వర్ణించిరి. బలవంతుని భయము లేని లోకము ఒకటి ఉండవలెనను కోరిక మనుష్యులు వ్రాత నేర్చిన తొలినాళ్ళ నుండియు ఉన్నదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

ఆ పిమ్మట చాల కాలమునకు, క్రీస్తు శకము ఆరవ శతాబ్దమున, ఇస్లాము మతము ఇంకను వెలయని రోజులలో, ఆ ప్రాంతమున తరఫా అను కవి పుట్టెను. ఆ కాలమున బహ్రెయిన్ అను పేరు ద్వీపమునకే గాక ఎదుటనున్న అరేబియా తూర్పు తీరమంతటికిని చెల్లినది. తరఫా చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొనెను. పినతండ్రులు తన తల్లికి చెందవలసిన సొత్తును ఇయ్యకపోగా, వారిని నిందించుచు కవిత చెప్పెనందురు. అరబ్బులు నేటికిని తలదాల్చు ఏడు ప్రాచీన కావ్యములలో ఒకటి అతనిది. ధనమును దాచిన లోభి సమాధియు, ధనమును వెదజల్లిన దుబారా మనిషి సమాధియు ప్రక్కప్రక్కన చూచినచో రెండును మట్టికుప్పలే కదా, పైన రాతి పలకలే కదా అను భావము అందున్నది. శ్మశానమున అందరును సమానులే అను మాట వేమన తెలుగువారికి చెప్పినదే. మధ్యనున్న సముద్రమును, వేయి సంవత్సరములను దాటి ఇద్దరును ఒకే మట్టిని చేతబట్టి చూపిరి.

అయితే తరఫా కావ్యము కంటె అతని మరణ కథ ఈ సందర్భమున ముఖ్యమైనది. అల్ హీరా నగరమును అమ్ర్ ఇబ్న్ హింద్ అను రాజు ఏలుచుండెను. తరఫాయును, అతని మేనమామయైన ముతలమ్మిస్ అను కవియును ఆ రాజు కొలువులో ఉండి, అతనిని ఎత్తిపొడుచుచు కవిత చెప్పిరి. రాజు పైకి కోపము చూపలేదు. ఇద్దరికిని చెరియొక ఉత్తరము వ్రాయించి, ముద్ర వేయించి, బహ్రెయిన్ అధికారికి అందజేయుడు, అతడు మీకు బహుమానములిచ్చునని పలికి పంపెను. దారిలో మేనమామకు సందేహము కలిగెను. అతనికి చదువు రాదు. చదువ నేర్చిన పిల్లవానిని ఒకనిని పిలిచి, ముద్ర తీయించి చదివించెను. ఉత్తరము తెచ్చిన వానిని చంపుమని అందులో ఉన్నది! అతడు ఆ లేఖను ఏటిలో విసరివేసి పారిపోయి బ్రతికెను. మేనల్లుడు మాత్రము రాజముద్రను పగులగొట్టుట తగదని, తన లేఖను విప్పక, చక్కగా చేతబట్టుకొని పోయి అధికారికి ఇచ్చెను. అప్పటికి అతనికి ఇరువదియారేండ్లు దాటలేదని చెప్పుదురు. ఈ కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అను విచారమును పండితులకు విడువవచ్చును. తన మరణశాసనమును తానే మోసికొని పోయిన మనుష్యుడు అను ఆ చిత్రము మాత్రము మరచుటకు వీలుకానిది.

మన పూర్వులకు ఈ కథ తెలియదు. కాని ఈ కథ వారిదే. 1834 నుండి మారిషసునకు ఒప్పందపు కూలీల రవాణా క్రమముగా సాగెను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి నెటాలు చేరెను. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి దక్షిణాది వారిని కొనిపోయిరి. గంజాము, విశాఖపట్నము, గోదావరి మండలముల నుండి వెడలిన వారు ఎందరో కలరు. కోరంగి రేవు పేరు మీదనే మారిషసులో తెలుగువారికి పేరు పడినది. వెడలిన ప్రతివాని చేతిలోను ఒక కాగితమున్నది. ఇంగ్లీషు అగ్రిమెంటు అను మాట కూలివారి నోట గిర్మిట్ అయినది. అందులో ఎన్నేండ్లు పని చేయవలెనో, ఎంత కూలి ఇత్తురో, పని మానినచో ఏమి శిక్షయో వ్రాసి ఉన్నది. కాగితమును చదివి వినిపించి, సమ్మతి పొందిన పిమ్మటనే వ్రేలిముద్ర వేయించితిమని దొరతనము వారి దస్త్రములు చెప్పుచున్నవి. ఆ రేవులో, ఆ సందడిలో, ఎవరు ఎంత విన్నారో ఆ దైవమునకే ఎరుక. వ్రేలిముద్ర వేసిన చేతికి ఆ లిపి గోడవంటిది.

ఇట్టి కాగితము బుదైయా తీరమునకును కొత్త కాదు. నూనె దొరకుటకు పూర్వము బహ్రెయినుకు ముత్యములే జీవనాధారము. ఏటేట వేసవిలో సుమారు నాలుగు నెలలు పడవలు సముద్రములో ముత్యపు చిప్పల పట్టుల మీద నిలిచి ఉండెడివి. మునుగువాడు ముక్కుకు బిగింపు తగిలించుకొని, కాలికి రాతిబరువు కట్టుకొని, మెడకు బుట్ట తగిలించుకొని దిగును. పైనున్న త్రాటివాడు సంజ్ఞ తెలియగానే లాగును. దిగువాని ప్రాణము త్రాడు పట్టిన వాని చేతిలో నుండును. మతమేది, తెగయేది అని అడుగుటకు అచ్చట సమయము లేదు. పడవ మీద పాటకై ప్రత్యేకముగ ఒక గాయకుడుండును. ఫిజిరీ అనబడు ఆ పాటలను 2021లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలో చేర్చినది. మన గోదావరి పడవలవారి హైలెస్సాను విన్నవారికి ఆ పాటలలోని నిట్టూర్పు పరాయిదిగా తోచదు.

పడవ దిగిన పిమ్మట లెక్క వచ్చును. సముద్రమునకు పోవుటకు ముందే మునుగువాడు కుటుంబ పోషణకై పడవ నాయకుని యొద్ద బయానా తీసికొనెడివాడు. ఋతువు ముగిసినప్పుడు ముత్యములమ్మి, ఖర్చులు తీసివేసి, మిగిలినది పంచెడివారు. లెక్క వ్రాయువాడు నాయకుడే. మునుగువానికి చదువు రాదు. అప్పు తీరలేదని చెప్పినచో తీరలేదు. తండ్రి చనిపోయినచో అప్పు కొడుకు మీద పడెడిది. ఆ కొడుకు ఆ పడవలోనే మునుగవలసి వచ్చెడిది.

ఇచ్చట మతము యొక్క ప్రశ్న గట్టిగా ఎదురగును. ఆ పడవల నాయకులు దైవభక్తి లేనివారు కారు. ఐదు పూటల ప్రార్థన చేసెడివారే. ఖురాను గ్రంథమున అన్నిటికంటె దీర్ఘమైన వాక్యము ఏది అని అడిగినచో చాలమందికి తెలియదు. అది స్వర్గ నరకముల వర్ణన కాదు, ప్రవక్తల కథ కాదు. రెండవ అధ్యాయములోని 282వ వాక్యమది. అప్పు పత్రమును గూర్చినది! అప్పు పుచ్చుకొన్నప్పుడు వ్రాసికొనవలెననియు, వ్రాయసగాడు న్యాయముగ వ్రాయవలెననియు, అప్పు తీర్చవలసిన వాడే పలికి వ్రాయించవలెననియు, అతడు అశక్తుడైనచో అతని పక్షమువాడు న్యాయముతో పలుకవలెననియు, సాక్షులుండవలెననియు అందు విధించబడినది. అనగా కాగితము బలహీనుని నోటి నుండి పుట్టవలెను. పరలోకమును గూర్చి చెప్పుటకు వచ్చిన గ్రంథము లెక్క పుస్తకమునకు ఇంత చోటిచ్చుట చూచి ఆశ్చర్యపడనక్కరలేదు. మనుష్యుడు సాటి మనుష్యుని మ్రింగునది సాధారణముగ లెక్క పుస్తకము ద్వారానే కదా!

1920ల దశకమున బహ్రెయినులో పరిపాలనా సంస్కరణలు జరిగెను. ప్రతి మునుగువానికిని అతని లెక్క చూపు చిన్న పుస్తకమొకటి ఇయ్యవలెనని నియమము వచ్చెను. ఎల్లరకును ఒకే చట్టము, ఒకే పన్ను అను మాట పుట్టెను. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలము నుండి బుదైయాలో నివసించుచుండిన దవాసిర్ తెగవారు స్వతంత్రముగ మెలగుటకు అలవాటుపడిన నావికులు, ముత్యపు వ్యాపారులు. వారు ఈ సంస్కరణలకు సమ్మతింపక 1923లో సముద్రము దాటి దమ్మాముకు తరలిపోయిరి. కొన్నేండ్లకు వారిలో పలువురు తిరిగి వచ్చిరి. ఆనాటి తప్పొప్పులను తూచుట ఇచ్చటి పని కాదు. చిత్రమేమనగా, బయానాలు తగ్గించినప్పుడు 1932లో తిరుగబడినవారు మునుగువారే. అప్పు తరతరముల సంకెల అయినను, ఆ పూట ఇంటికి బియ్యము తెచ్చునది ఆ బయానాయే. సంకెల విప్పువాడు అన్నము సంగతి కూడ ఆలోచింపవలసి యుండును. ఆ సంవత్సరమే బహ్రెయినులో నూనె పడినది. జపాను సాగు ముత్యములు వచ్చి పాత వృత్తి క్షీణించినది. 1969లో అలీ అబ్దుల్లా ఖలీఫా అను బహ్రెయిను కవి ఆ మునుగువారి బాధలను తన కవితా సంపుటిలో పాడెను. తెరచాప కొయ్యల మూలుగు అని ఆ సంపుటి పేరునకు అర్థము. మనుష్యులు మూలుగలేని చోట కొయ్యలు మూలిగినవన్న మాట.

మన దేశపు గుడులలో ముద్ర వేసిన లేఖలు లేవా? కలవు. తాళ్ళపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించెను. పరబ్రహ్మమునకు కులభేదము లేదనియు, రాజు నిద్రకును బంటు నిద్రకును తేడా లేదనియు ఆయన శ్రీవేంకటేశ్వరుని సన్నిధిలోనే పాడెను. ఆ సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయములోని రాతి గదిలో భద్రపరచిరి. ఆ తరువాత కొన్ని శతాబ్దములు ఆ గది మూతపడి ఉండెను. లక్షలాది భక్తులు దాని ముందు నుండియే నడచిపోయిరి. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలోనే ఆ రేకులు వెలికి వచ్చి అచ్చుకెక్కుట మొదలయ్యెను. పూర్వులు ఓడలెక్కిన దినములలో ఆ సమానత్వపు పాట కొండ మీద గదిలో నిద్రించుచుండెను! వారు తమతో కొనిపోయినది నోటికి వచ్చిన రామభజన, సింహాద్రి అప్పన్న పేరు, అమ్మవారి కొలుపు, నాలుగు శతక పద్యములు. కాగితము లేని భక్తి అది. దానికి ముద్ర వేయుటకు ఎవరి వల్లను కాలేదు.

కడప సీమలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యులలో దూదేకుల కులమున పుట్టిన సిద్దయ్య అను ముస్లిము ఉండెననియు, కక్కయ్య అను మాదిగ ఉండెననియు పరంపరగా చెప్పుదురు. గురువు పేరు తలచినప్పుడెల్ల సిద్దయ్య పేరు కూడ తలచుట తెలుగువారి వాడుక.

ఇక గుఱ్ఱం జాషువా మహాకవి సంగతి. ఆయన 1895లో వినుకొండలో జన్మించెను, అంటరానితనపు అవమానములను స్వయముగ అనుభవించెను, 1971లో దివంగతుడయ్యెను. ఆయన గబ్బిలము అను కావ్యము 1941లో వెలువడెను. కాళిదాసు యక్షుడు మేఘమును దూతగా పంపెను. జాషువా నాయకుడు ఆకలితో నున్న అస్పృశ్యుడు. అతని గుడిసెకు మేఘము రాదు, హంస రాదు, గబ్బిలము వచ్చినది. కాశీ విశ్వనాథునికి తన మొర చెప్పుమని దానిని వేడుకొనెను. ఎందుకనగా, మనుష్యుడైన తనకు గుడి ప్రవేశము లేదు. గబ్బిలము మాత్రము గర్భగుడిలో వ్రేలాడవచ్చును. పూజారి లేని వేళ చూచి శివుని చెవిలో చెప్పవలెనని అతని విన్నపము.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. తరఫా చేతిలో లేఖ ఉన్నది, అందేమున్నదో అతనికి తెలియదు. జాషువా నాయకునికి చెప్పవలసినదంతయు తెలియును, వ్రాసి పంపుటకు దారి లేదు. ఒకనికి చదువ వీలులేదు, మరొకనికి చెప్ప వీలులేదు. అసమానత్వమునకు ఈ రెండే ముఖములు. పరబ్రహ్మము సమమైనదని గీత ఐదవ అధ్యాయము చెప్పుచుండగనే, జ్ఞానియైనవాడు బ్రాహ్మణుని, ఆవును, ఏనుగును, కుక్కను, కుక్క మాంసము తినువానిని సమదృష్టితో చూచునని అందు ఉండగనే, ఆ గీతను పారాయణ చేసిన గుడి వాకిట ఈ మనుష్యుని నిలిపివేసిరి. ఇతర మతములవారి లెక్క పుస్తకములను విమర్శించుటకు ముందు ఈ వాకిలిని చూడవలెను. ఓడలో ఒకే తొట్టి నీరు త్రాగి, ఒకే పెనము మీద వండుకొని తిన్నవారి మనుమలు నేడు సంబంధములు వెదకునప్పుడు కులమెందుకు విచారింతురో, ఆ విచారణ ఏ శాస్త్రములో ఉన్నదో పెద్దలే చెప్పవలెను.

జాషువా క్రైస్తవుడు. ఆయన వేడుకొనినది శివుని. ఆయన కరుణ చూపినది మరొక మతమువాడైన ఫిరదౌసి మీద. పారసీక దేశపు ఆ మహాకవికి గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెము చొప్పున ఇత్తునని పలికి, గ్రంథము పూర్తియైన పిమ్మట వెండి నాణెములిచ్చెనను కథను 1932లో ఆయన కావ్యముగ వ్రాసెను. ముప్పదియేండ్లు పని చేసిన వానికి కూలి ఎగవేసిన కథ అది. తోటలలో నెల జీతములో కోతలు పడిన వారి సంతతికి దీనిని వేరుగ వివరింపనక్కరలేదు.

పారసీకపు దారినే పోయిన తెలుగు కవులు ఇంకను కలరు. నెల్లూరి సీమకు చెందిన దువ్వూరి రామిరెడ్డి స్వయముగ సేద్యము నెరిగినవాడు. కృషీవలుడు అను కావ్యమున రైతును నాయకుని చేసినవాడు. ఆయన పారసీక భాష నేర్చి ఉమర్ ఖయ్యాము పద్యములను పానశాల అను పేర తెలుగు చేసెను. పిఠాపురమునందలి ఆధ్యాత్మిక పీఠమునకు అధిపతియైన ఉమర్ ఆలీషా కవి కూడ ఖయ్యామును తెలుగులోనికి తెచ్చెను. పుట్టుకచే ముస్లిమైన ఆ గురువు చక్కని తెలుగు పద్యములు చెప్పగా, కాపు బిడ్డయైన రామిరెడ్డి పారసీకము చదివెను. రాజు పుఱ్ఱెయు కుమ్మరి చేతి మట్టియే యగునను ఖయ్యాము భావము తరఫాకు తెలిసినదే, వేమనకు తెలిసినదే.

సరిగా ఆ ఖయ్యామునే పారసీకము నుండి అరబ్బీలోనికి తెచ్చిన బహ్రెయిను కవి ఇబ్రహీమ్ అల్ అరయ్యద్. ఆయన జీవితమును దేవాలయ తరగతులలో పలక పట్టి తెలుగు నేర్చుకొను ప్రతి బాలునికిని చెప్పవలెను. 1908లో ఆయన పుట్టినది బొంబాయిలో. తండ్రి ముత్యాల వర్తకుడు. పుట్టిన కొద్ది కాలమునకే తల్లి మరణించెను. బాల్యమంతయు హిందూదేశములో గడచుటచే ఆయన నోట ఉర్దూ ఆడెను. పితృభాషయైన అరబ్బీ సరిగా రాదు. పదునాలుగేండ్ల వయస్సున బహ్రెయిను చేరిన పిమ్మటనే ఆ భాషను పట్టుదలతో సాధించెను. ఆలస్యముగ నేర్చిన భాషలోనే ఆయన తన దేశపు ప్రముఖ కవి అయ్యెను. పాఠశాల ఉపాధ్యాయుడుగ పిల్లలకు దానినే బోధించెను. తాతల భాష నోటికి తిరుగలేదని సిగ్గుపడువారు ఈ మహనీయుని తలచుకొనవలెను. 2002లో ఆయన స్వర్గస్థుడయ్యెను. మనామాలోని ఆయన ఇల్లు నేడు కవితాగృహము.

1973లో స్వతంత్ర బహ్రెయినునకు రాజ్యాంగము వ్రాసిన సభకు అధ్యక్షుడు ఈ కవియే. ఆ రాజ్యాంగపు పదునెనిమిదవ అధికరణము సమానత్వమును గూర్చినది. 1975లో అచ్చటి శాసనసభ రద్దయినను, 2002లో రాజ్యాంగము సవరింపబడినను ఆ అధికరణము నిలిచియే యున్నది. అందలి మాటలను నిదానముగ చదువవలెను. మానవ గౌరవమున మనుష్యులందరును సమానులు అని మొదట ఉన్నది. పిమ్మట, జాతి, భాష, మతము అను భేదము లేక పౌరులందరును చట్టము ముందు సమానులు అని ఉన్నది. మొదట మనుష్యులు, తరువాత పౌరులు. ఈ రెండు పదముల మధ్యనున్న సందులోనే నేటి వలస కూలి నిలిచియున్నాడు.

కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి, శ్రీకాకుళము జిల్లాల నుండి ఏజెంటుల వెంట అరబ్బు దేశములకు పోయినవారు లక్షలు. బహ్రెయినులోను తెలుగువారు తాపీ పనిలో, తోటపనిలో, ఇండ్లలో, అంగళ్ళలో, కార్యాలయములలో కలరు. మనామాలో రెండు వందల ఏండ్ల నాటి శ్రీనాథజీ ఆలయమున్నది. వారు పూజలు చేసికొనుటకు అచ్చట ఆటంకము లేదు. కూలివాడు యజమానిని మార్చుకొనుటకు అనుమతించుచు 2009లో అచ్చటి ప్రభుత్వము నియమములను సడలించినది. పాస్‌పోర్టును యజమాని దాచుకొనుట చట్టవిరుద్ధము. మంచి మార్పులే. అయినను ఊరిలో ఏజెంటు చెప్పిన జీతము వేరు, అక్కడ దిగిన పిమ్మట కాగితములోనున్న జీతము వేరు అను మొర ఆగలేదు. ఆ కాగితము అరబ్బీలోను, ఇంగ్లీషులోను ఉండును. పట్టుకొని పోవు చేయి తెలుగు చేయి.

తోటల వలన పైకి వచ్చిన కుటుంబముల బిడ్డలు నేడు డాక్టర్లు, వకీళ్ళు, వర్తకులు. హిందూదేశ యాత్రకు పోవుచు గల్ఫు విమానాశ్రయములలో దిగినప్పుడు వారు ఒక దృశ్యము చూతురు. నేల మీద కూర్చొని, ప్లాస్టిక్ సంచిలో కాగితములు పొదివి పట్టుకొని, పిలుపునకై వేచియుండు యువకుల వరుస. వారిలో ఎవడైన తెలుగు మాట పలికినచో వినబడును. అయినను చాలమంది ముఖము తిప్పుకొని పోవుదురు. ట్రూరో దిగిన నాటి ముత్తాత కూర్చున్న తీరు అదియే కదా! ఫోటో చట్రములో ఉన్న ముత్తాతకు పూలదండ వేసి, ప్రాణముతో ఎదుట కూర్చున్న ముత్తాతను గుర్తింపకపోవుట ఏ పూజయో తెలియదు. ఒక్క నిమిషము నిలిచి, అబ్బాయీ, ఏ ఊరు, కాగితములో ఏమున్నదో చదివి చెప్పనా అని అడుగుటకు విద్య వచ్చినవారికి ఖర్చేమియు లేదు. ముతలమ్మిస్ లేఖను చదివిన పిల్లవాని పేరు చరిత్రకు తెలియదు. వాడు కవి కాడు, గురువు కాడు, వానికి వచ్చినది చదువొక్కటే.

అక్షరము అనగా నశించనిది. గీత ఎనిమిదవ అధ్యాయమునకు అక్షరపరబ్రహ్మ యోగమని పేరు. ఆదివారము నాడు గుడి మండపములో ఓనమాలు దిద్దించునప్పుడు, ఆ మాటకున్న వేదాంతార్థమును చెప్పుచుందురు. దానితో పాటు పిల్లలకు చూపదగినది మరొకటి కలదు. మారిషసు దేశమున మోకా పట్టణములోని మహాత్మా గాంధీ సంస్థయందు ఆనాటి కూలీల దస్త్రములు భద్రముగ ఉన్నవి. ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, కులము, వయస్సు, ఒడలి గుర్తులు. కొందరివి ఛాయాచిత్రములు కూడ. గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన తెలుగు ఊళ్ళ పేర్లు వంకరటింకరగా నుండును. మనుమరాండ్రు, మునిమనుమలు అచ్చటికి పోయి, కూడబలుకుకొని చదువుచున్నారు. నూటయేబది ఏండ్ల క్రిందట ఎవడును విప్పి చెప్పని ఆ లేఖలో ఒక ఊరి పేరు పోల్చుకొని, ఇది మన ఊరే అని పైకి చదివినప్పుడు, ప్రక్కనున్న వృద్ధురాలు దానిని మరల పలికించుకొని వినుచున్నది.